పాడుపడిన రైలు దారి – అట్లాంటా నగరం నేర్పే పాఠం

తెలుగులో 'పట్టా' అనే మాటకు మూడు అర్థాలున్నాయి. రైలు నడిచేది పట్టాల మీద. చదువు పూర్తయితే విశ్వవిద్యాలయం ఇచ్చేది పట్టా. ఇంటి స్థలానికో, సాగు భూమికో తహసీల్దారు కార్యాలయం ఇచ్చేదీ పట్టాయే. మనలాంటి కుటుంబాల్లో ఈ మూడో పట్టా కోసం తాతలు తిరిగారు, రెండో పట్టా కోసం మనం హాస్టళ్ళలో చేరాము. ఈ మూడు పట్టాలూ ఒకే చోట కలిసిన కథ ఒకటి ఉంది. అది అమెరికాలో జార్జియా రాష్ట్ర రాజధాని అట్లాంటా నగరానిది. మన తెలుగువాళ్ళు వేలాదిగా ఉద్యోగాలు చేసుకుంటూ స్థిరపడిన ఊరు కాబట్టి ఆ పేరు మనలో చాలామందికి తెలుసు. కానీ ఆ ఊరి నడిబొడ్డు చుట్టూ పాడుపడిపోయిన రైలు లైన్ల సంగతి, వాటిని ఒక విద్యార్థి ఆలోచన మళ్ళీ ఎలా లేపిందన్న సంగతి, ఆ తర్వాత అక్కడి పేదలకు ఏమైందన్న సంగతి మనలో చాలా కొద్దిమందికే తెలుసు. వార్షికోత్సవ సంచిక చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అది తెలియాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాము.

రైలు కన్న నగరం

లోకంలో పెద్ద నగరాలు చాలావరకు నది ఒడ్డునో సముద్ర తీరానో పుట్టాయి. అట్లాంటా అలా పుట్టలేదు. అది రైలు పుట్టించిన ఊరు. ఆ నేల మొదట క్రీక్ అనే ఆదివాసీ జాతి వారిది. 1821 నాటి ఒప్పందంతో అది వారి చేతినుంచి జారిపోయింది. దానికి ఉత్తరాన ఉన్న చెరోకీ ఆదివాసులను 1838లో సైన్యం బలవంతంగా పడమటి ప్రాంతాలకు తరిమింది. ఆ దారిలో వేలమంది చనిపోయారు. ఆ సంవత్సరాల్లోనే జార్జియా ప్రభుత్వం ఉత్తరాన ఉన్న టెన్నెసీ వైపు వెస్టర్న్ అండ్ అట్లాంటిక్ అనే రైలు లైను వేయడానికి పూనుకుంది. 1837లో లైను దక్షిణ కొస ఎక్కడో గుర్తించి అక్కడ ఒక గుంజ పాతారు. ఆ చోటు చుట్టూ లేచిన గుడిసెలకు మొదట టెర్మినస్ అని పేరు పడింది. టెర్మినస్ అంటే లైను ఆగిపోయే చోటు అని అర్థం. తర్వాత మార్తాస్‌విల్ అన్నారు. 1845లో అట్లాంటా అని స్థిరపడింది. 1846 నాటికి మరో రెండు కంపెనీల లైన్లు కూడా అక్కడికే వచ్చి కలిశాయి.

ఆ రైలు లైన్లు ఎవరి చెమటతో లేచాయో కూడా చెప్పుకోవాలి. జార్జియాలో రైలు కంపెనీలు ఆ రోజుల్లో నల్లజాతి బానిసల శ్రమను వాడుకున్నాయి. బానిసత్వం రద్దయిన తర్వాత కూడా ఆ పద్ధతి వేరే రూపంలో సాగింది. 1868 నుంచి 1908 వరకు జార్జియాలో ఖైదీలను కంపెనీలకు కౌలుకు ఇచ్చేవారు. ఆ ఖైదీల్లో అత్యధికులు నల్లవాళ్ళే. రైలు కట్టలు వేయడం, ఇటుకలు కాల్చడం వంటి పనులు వారితో కూలి ఇవ్వకుండా చేయించుకున్నారు.

అంతర్యుద్ధంలో 1864లో జనరల్ షెర్మన్ సైన్యం అట్లాంటాను పట్టుకుంది. ఊరికి ప్రాణం రైలేనని అతనికి తెలుసు. అందుకని పట్టాలు పీకించి, మంటల్లో ఎర్రగా కాల్చి, చెట్ల మొదళ్ళకు చుట్టించాడు. మళ్ళీ సాగదీసి వాడుకోకుండా చేసిన పని అది. వాటిని జనం 'షెర్మన్ మెడపట్టీలు' అని వెక్కిరింపుగా పిలిచేవారు. యుద్ధం పట్టాలను మింగడం మనకూ తెలిసిన విషయమే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలు కూడా పీకి తీసుకుపోయారు. ఆ లైనులో మళ్ళీ రైలు కూత వినబడింది 2004లోనే. అట్లాంటాలో మాత్రం కొద్ది సంవత్సరాల్లోనే లైన్లు తిరిగి వేశారు.

ఊరి చుట్టూ నాలుగు లైన్లు

యుద్ధం తర్వాత ఊరు పెరిగింది. అన్ని కంపెనీల లైన్లూ ఊరి మధ్యనే కలవడంతో అక్కడ ఇరుకు ఎక్కువైంది. ఒక లైను నుంచి వచ్చిన సరుకు బండి ఇంకో లైనుకు మారాలంటే నడి ఊళ్ళో గంటల తరబడి ఆగాల్సి వచ్చేది. వీధులు దాటడం మనుషులకూ బళ్ళకూ కష్టమయ్యేది. దీనికి విరుగుడుగా 1870ల నుంచి 1900ల తొలి సంవత్సరాల వరకు నాలుగు వేర్వేరు కంపెనీలు ఊరి వెలుపలి నుంచి చుట్టు లైన్లు వేసుకున్నాయి. వీటినే బెల్టు లైన్లు అన్నారు. నడుముకు బెల్టు ఉన్నట్టు ఊరికి ఈ లైన్లు అన్నమాట. అన్నీ కలిపితే సుమారు 22 మైళ్ళు, అంటే 35 కిలోమీటర్లు. ఒక పథకం ప్రకారం వేసినవి కావు కాబట్టి చక్కటి వలయంగా కలవలేదు. ఎవరి ముక్క వారిదే.

లైను పోయిన చోటికి కర్మాగారాలు వచ్చాయి. గోడౌను తలుపు ముందుకే సరుకు బండి వస్తుంది కదా. పోన్స్ డి లియాన్ వీధిలో ఫోర్డ్ కంపెనీ కార్లు బిగించే కర్మాగారం పెట్టింది. దానికి దగ్గర్లోనే 1926లో సియర్స్ అనే టపా వ్యాపార కంపెనీ బ్రహ్మాండమైన గోడౌను, దుకాణం కట్టింది. దాని వైశాల్యం సుమారు 20 లక్షల చదరపు అడుగులు. దక్షిణ భాగంలో రైలు వర్క్‌షాపుల పక్కన 1880లలో నల్లజాతి కూలీల పేట ఒకటి వెలిసింది. ఉక్కు నగరం పిట్స్‌బర్గ్‌లో లాగే ఇక్కడా ఎప్పుడూ పొగ కమ్మి ఉండేది కాబట్టి ఆ పేటకు కూడా పిట్స్‌బర్గ్ అనే పేరు వచ్చింది.

రైలు లైను సరుకు మోయడమే కాదు, గీత కూడా గీసింది. చాలా చోట్ల పట్టాలకు ఒక పక్క తెల్లవాళ్ళ ఇళ్ళు, రెండో పక్క నల్లవాళ్ళ ఇళ్ళు. పోన్స్ డి లియాన్ వీధి కూడా అలాంటి గీతే. ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్డు ఆ వీధిని దాటగానే పేరు మారిపోతుంది. ఉత్తరాన మన్రో డ్రైవ్ అనే రోడ్డే దక్షిణాన బూలెవార్డ్ అవుతుంది. దక్షిణాన ఉన్న నల్లవాళ్ళ చిరునామా, తమ చిరునామా ఒకటే కాకూడదని తెల్లవాళ్ళు కోరుకోవడమే ఇందుకు కారణం. ఊరికీ వాడకూ నడుమ కాలువో, కట్టో, ఖాళీ జాగానో ఉండే గ్రామాల నుంచి వచ్చిన మనకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

లైన్లు ఎందుకు పాడుపడ్డాయి?

దీనికి మూడు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది లారీ. 1956లో అమెరికా ప్రభుత్వం దేశమంతటా పెద్ద రహదారుల నిర్మాణానికి చట్టం చేసింది. అలాంటి రహదారులు మూడు అట్లాంటాలోనే కలుస్తాయి. 1969 నాటికి ఊరి చుట్టూ 64 మైళ్ళ రింగు రోడ్డు పూర్తయింది. మన హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు లాంటిదే అది. కర్మాగారాలు, గోడౌన్లు ఆ కొత్త రింగు పక్కకు తరలిపోయాయి. కొత్త వలయం పాత వలయాన్ని తినేసింది.

రెండోది జనం వలస. తెల్లజాతి మధ్యతరగతి వారు శివార్లకు వెళ్ళిపోయారు. 1970లో సుమారు 4,97,000 ఉన్న నగర జనాభా 1990 నాటికి 3,94,000కు పడిపోయింది. శివార్లు పెరుగుతుంటే నడి ఊరు చిక్కిపోయింది. ఉండిపోయిన వారిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు నల్లవాళ్ళు.

మూడోది చట్టం. అమెరికాలో సరుకు రైళ్ళు నడిపేవి ప్రైవేటు కంపెనీలు. అయినా లాభం లేదని ఇష్టం వచ్చినప్పుడు లైను మూసేయడానికి వీల్లేదు, కేంద్ర సంస్థ అనుమతి కావాలి. 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టం ఈ నిబంధనలను బాగా సడలించింది. దాంతో దేశమంతటా లైన్లు వదిలేయడం వేగమైంది. 1916లో సుమారు 2,54,000 మైళ్ళున్న అమెరికా రైలు మార్గం అప్పటి నుంచి తగ్గుతూనే వచ్చింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. రైలు కంపెనీకి చాలాచోట్ల నేల మీద ఉన్నది సొంత హక్కు కాదు, దారి హక్కు మాత్రమే. లైను రద్దయితే ఆ నేల ముక్కలు ముక్కలుగా పక్క యజమానులకు పోతుంది. వంద సంవత్సరాలు కష్టపడి సమకూర్చిన పొడవాటి దారి మళ్ళీ ఎప్పటికీ చేతికి రాదు. అందుకని 1983లో ఒక చట్ట సవరణ చేశారు. లైనును పూర్తిగా రద్దు చేయకుండా, రేపు అవసరమైతే మళ్ళీ రైలు నడపవచ్చుననే షరతుతో 'దాచి' పెట్టవచ్చు. ఈలోగా దాన్ని కాలిబాటగానో సైకిలు బాటగానో వాడుకోవచ్చు. 1990లో అక్కడి సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. దారి అన్నది ముక్కలు కాకుండా ఉంటేనే విలువ అనే తెలివి ఈ చట్టంలో ఉంది.

అట్లాంటా బెల్టు లైన్ల మీద 1990ల నాటికి కుడ్జు అనే తీగ కమ్ముకుపోయింది. వంతెనల కింద ఇల్లు లేనివాళ్ళు తలదాచుకున్నారు. సియర్స్ భవనాన్ని నగర పాలక సంస్థ 1990లో కొని కొంత భాగంలో ఆఫీసులు పెట్టుకుంది. మిగతాదంతా ఖాళీ.

ఒక విద్యార్థి సిద్ధాంత వ్యాసం

ఇక రెండో పట్టా సంగతి. జార్జియా టెక్ విద్యాసంస్థలో ర్యాన్ గ్రావెల్ అనే విద్యార్థి 1999లో తన పీజీ పట్టా కోసం ఒక సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. అంతకు ముందు అతను కొంతకాలం ప్యారిస్‌లో చదివాడు. అక్కడ కారు లేకుండా నడక మీద, రైళ్ళ మీద బతకడం అలవాటై, అట్లాంటాలో అది ఎందుకు కుదరదని ఆలోచించాడు. అతని ప్రతిపాదన సూటిగా చెప్పాలంటే ఇంతే. నాలుగు పాడుపడిన ముక్కలను కలిపి 22 మైళ్ళ వలయం చేయాలి. దాని మీద వీధి రైలు నడపాలి. అది తాకే 45 పేటలకు దగ్గర్లో ఇళ్ళు, పనులు, దుకాణాలు పెరగాలి. ఊళ్ళను విడదీసిన గీతే ఊళ్ళను కలపాలి.

ఎన్ని సిద్ధాంత వ్యాసాలు గ్రంథాలయం బీరువాల్లో దుమ్ము పట్టి ఉంటాయో పీజీ చదివిన మాకు బాగా తెలుసు. ఇది కూడా అలాగే ఉండేది. అయితే 2001లో గ్రావెల్, ఆఫీసులో తోటి ఉద్యోగులు ఇద్దరు కలిసి నాయకులకు, అధికారులకు ఉత్తరాలు రాశారు. నగర సభలో రవాణా వ్యవహారాలు చూస్తున్న క్యాథీ ఉలార్డ్ అనే సభ్యురాలు స్పందించారు. తర్వాత పేట పేటకూ తిరిగి, చర్చి హాళ్ళలో, బడుల్లో సమావేశాలు పెట్టి చెప్పారు. కాలిబాట, పార్కులు, చవక ఇళ్ళు అనేవి ఆ సమావేశాల్లో జనం నోటినుంచి వచ్చి ఒక్కొక్కటిగా చేరాయి. అప్పటి మేయరు షిర్లీ ఫ్రాంక్లిన్, ఆ పదవికి ఎన్నికైన తొలి నల్లజాతి మహిళ, దీన్ని తన భుజాన వేసుకున్నారు.

డబ్బు ఎక్కడి నుంచి?

2005 చివర్లో నగరం, కౌంటీ, పాఠశాలల బోర్డు మూడూ ఒప్పుకుని బెల్టులైను చుట్టూ సుమారు 6,500 ఎకరాలను ప్రత్యేక పన్ను ప్రాంతంగా ప్రకటించాయి. దీని పద్ధతి తెలుసుకోవడం అవసరం. ఆనాడు ఆ ప్రాంతంలో వచ్చే ఆస్తి పన్నును ఒక గీత గీసి ఆపుతారు. ఉదాహరణకు అది వంద రూపాయలనుకుందాం. రాబోయే 25 సంవత్సరాల్లో భూమి ధర పెరిగి పన్ను రెండు వందలైతే, మొదటి వంద ఎప్పటిలా బడులకు, పురపాలనకు పోతుంది. పెరిగిన వంద మాత్రం బెల్టులైను ఖాతాకు పోతుంది. ఆ రాబోయే ఆదాయాన్ని చూపించి ముందుగానే అప్పు తెచ్చి పనులు చేస్తారు.

లక్ష్యాలు కూడా రాసుకున్నారు. 2030 నాటికి 22 మైళ్ళ వీధి రైలు, 33 మైళ్ళ కాలిబాటలు, 1,300 ఎకరాల పార్కులు, సామాన్యులు భరించగల ఇళ్ళు 5,600.

ఇందులో ఉన్న మెలిక గమనించారా? భూమి ధర పెరిగితేనే పథకానికి డబ్బు. అదే ధర పెరిగితే అక్కడి పేదకు అద్దె భారం, పన్ను భారం. పథకానికి ఊపిరి ఏదో పేదకు ఉరి కూడా అదే. పైగా ధర పెరగకపోయినా చిక్కే. 2008 ఆర్థిక మాంద్యంలో అనుకున్న ఆదాయం రాలేదు. పాఠశాలల బోర్డుకు ఇస్తామన్న సొమ్ము సకాలంలో చెల్లించలేక నగరానికీ బోర్డుకూ గొడవ నడిచి 2016లో గానీ రాజీ కుదరలేదు. బడి పిల్లల వాటా కూడా ఈ లెక్కలో ఉందన్నమాట.

ధర పెరిగితే లాభం ఎవరికి?

2012లో తూర్పు కాలిబాట తెరిచారు. పొడవు రెండుంబావు మైళ్ళు. జనం విరగబడ్డారు. పాత సియర్స్ భవనం 2014లో పోన్స్ సిటీ మార్కెట్ అనే ఖరీదైన దుకాణాల, ఆఫీసుల, ఫ్లాట్ల సముదాయంగా మారింది. 2017లో పడమటి బాట మూడు మైళ్ళు తెరిచారు. పాత రాతి క్వారీ ఒకటి 2021లో పెద్ద పార్కు అయింది. వాన పడితే మునిగే పల్లపు జాగాలో చెరువు తవ్వి పార్కు చేశారు. ఇవన్నీ మంచి పనులే. పాడుపడిన, విషపు నూనెలు ఇంకిన నేల మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారంటే కాదనేవారెవరు?

కానీ లెక్క ఇంకోటి ఉంది. డాన్ ఇమ్మర్‌గ్లక్ అనే ఆచార్యుని అధ్యయనం ప్రకారం 2011–2015 మధ్య బెల్టులైనుకు అర మైలు లోపు ఇళ్ళ ధరలు, నగరంలో మిగతా చోట్ల కంటే భాగాన్ని బట్టి సుమారు 18 నుంచి 27 శాతం వరకు ఎక్కువగా పెరిగాయి. సొంత ఇల్లున్న ముసలమ్మకు ఇల్లు అమ్మితే డబ్బే. అమ్మకుండా ఉందామంటే పన్ను నోటీసు. అద్దెకున్న వాడికి ఆ ఎంపిక కూడా లేదు. తూర్పు బాట దక్షిణ కొసకు నడక దూరంలోనే మార్టిన్ లూథర్ కింగ్ 1929లో పుట్టిన ఆబర్న్ వీధి ఉంది. నల్లవాళ్ళ ఆత్మగౌరవానికి పెట్టింది పేరైన ఆ పేట చుట్టూ ఇళ్ళు కొనడం అక్కడివారి మనుమలకు కష్టమైంది. 2020 నాటికి నగర జనాభా తిరిగి 4,98,000కు చేరింది గానీ, అందులో నల్లవాళ్ళు సగం కంటే తగ్గిపోయారు. దీనికంతటికీ ఒక్క బెల్టులైనే కారణమంటే అన్యాయం. అయినా దానికి పాత్ర లేదనలేము.

చవక ఇళ్ళ లక్ష్యం చాలా వెనకబడిందని 2017లో స్థానిక పత్రిక పరిశోధించి రాసింది. అంతకు ముందే, 2016లో, ఈ ఆలోచన కన్న గ్రావెల్ స్వయంగా, నథానియల్ స్మిత్ అనే సహచరునితో కలిసి, సమానత్వానికి తగినంత చోటు ఇవ్వడం లేదని చెప్పి బెల్టులైను భాగస్వామ్య సంస్థ బోర్డుకు రాజీనామా చేశాడు. తన పట్టా తెచ్చిన పేరును తానే పణంగా పెట్టిన ఆ పని మాకు అతని సిద్ధాంత వ్యాసం కంటే గొప్పదిగా తోస్తుంది.

ఒత్తిడి పెరిగాక 2018 నుంచి కొత్త నియమం వచ్చింది. బెల్టులైను పక్కన పది లేక అంతకు మించి అద్దె ఇళ్ళు కట్టే వారు అందులో పదో వంతో, పదిహేను శాతమో తక్కువ ఆదాయం వారికి అందే అద్దెకు ఇవ్వాలి. పాత నివాసులకు పెరిగిన పన్ను భారం కట్టిపెట్టే సహాయ పథకం కూడా తర్వాత వచ్చింది. మంచిదే. కానీ ఇవి వచ్చేసరికి తూర్పు పక్క చవక నేల అయిపోయింది. దారి కోసం కావలసిన నేల విషయంలోనూ ఇదే జరిగింది. ఈశాన్య భాగాన్ని 2004లో ఒక భూవ్యాపారి ముందుగా కొనేశాడు. దాన్ని 2007లో ప్రజాధనంతో చాలా ఎక్కువ ధరకు కొనాల్సి వచ్చింది. మరి వీధి రైలు? 2016లో జనం రవాణా కోసం అదనపు పన్నుకు ఓటు వేశారు. 2025లో మేయరు తూర్పు భాగంలో వీధి రైలు పొడిగింపుకు మద్దతు ఉపసంహరించుకున్నారు. కారు లేని కూలి మనిషి కోసం మొదట తలపెట్టిన రైలు అన్నిటికంటే వెనక్కి పోయింది.

మనం నేర్చుకోవలసింది

మన నగరాలు కూడా పెరుగుతున్నాయి. మెట్రో లైన్లు, రింగు రోడ్లు, చెరువుల సుందరీకరణ అనే మాటలు రోజూ పత్రికల్లో చూస్తున్నాము. వాటిని వద్దనడం మా ఉద్దేశం కాదు. రోడ్డు రాని వాడల్లో పెరిగిన మనకు రోడ్డు విలువ ఇతరుల కంటే ఎక్కువే తెలుసు. మేము చెప్పదలచుకున్నది వరస గురించి. ఇల్లు కాలాక బావి తవ్వితే ఏం లాభం? పేదల ఇళ్ళకు రక్షణ, వారి పేరున పట్టా, అద్దెకుండే వారికి భరోసా – ఇవి పథకంలో చివరి పేజీలో ఉండకూడదు. నేల చవకగా ఉన్నప్పుడే, ఎవరూ దాని వైపు చూడనప్పుడే ఈ పని జరగాలి. దారి అందంగా తయారయ్యాక జరగదు.

'పాడుపడిన స్థలం', 'ఖాళీ స్థలం' అని కాగితాల మీద రాసినంత మాత్రాన అక్కడ మనుషులు లేరని అర్థం కాదు. మీ ఊళ్ళో అలాంటి పథకం ఏదైనా వస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఆ నేల మీద ఇప్పుడు ఎవరున్నారు? వారిలో పట్టా ఉన్నదెవరికి, లేనిదెవరికి? ధర పెరిగిన రోజున ఆ పెరుగుదల ఎవరి ఖాతాలో పడుతుంది? ఈ మూడింటికీ జవాబు పని మొదలుపెట్టక ముందే కాగితం మీద ఉండాలి.

చివరగా డిగ్రీ, పీజీ చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ప్రాజెక్టు రాయమన్నప్పుడు పాత ఫైలు తెచ్చి పేరు మార్చి ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది. అలా చేయకండి. మీరు రోజూ చూసే చెరువో, మూతపడిన మిల్లో, మీ వాడ పక్కన పాత కట్టో తీసుకోండి. దాని చరిత్ర అడగండి, కొలవండి, పెద్దవాళ్ళ మాటలు రాసుకోండి. మార్కులు వచ్చాక దాన్ని బీరువాలో పెట్టకుండా నాలుగు ఉత్తరాలు రాయండి. చదువుకున్న మొదటి తరం మనం. మన పట్టాలు మన వాడకు ఉపయోగపడాలంటే ఆ వాడ గురించి రాయగలిగేది ముందుగా మనమే.